ఆయన కాస్త పేచీకోరు

ఇంటి సామాన్లు అమ్మే ఆ పెద్ద దుకాణంలో, మెట్ల కింద ఇరుకు మూలన ఒక కౌంటరు ఉంది. కొన్న వస్తువు పాడైందనీ, మూత పట్టడం లేదనీ, మోత ఎక్కువగా ఉందనీ మొహం ఎర్రగా చేసుకుని వచ్చేవాళ్లంతా చివరికి అక్కడికే చేరేవారు. ఆ కౌంటరు వెనక కూర్చునే ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరూ చల్లమ్మ అనేవారు. ఎంత నిప్పులు కక్కుతూ వచ్చిన మనిషైనా ఆవిడ దగ్గర కాసేపు కూర్చుంటే చల్లబడి వెళ్లాల్సిందే. "అయ్యో, అలాగా! మా ఇంట్లో ఇలా జరిగితే నేనూ పరిగెత్తుకొచ్చేదాన్నండీ" అనేది ముందుగా. ఆ మాటకే సగం మంది కుర్చీ లాక్కుని కూర్చునేవారు.

అయితే వచ్చే మనిషి ఎలాంటివాడో ఆవిడకి ముందే తెలిసిపోయేది. గుమ్మం దగ్గర నిలబడే సూపర్‌వైజరు దానికొక ఏర్పాటు చేసిపెట్టాడు. నిజంగా ఇబ్బంది పడి వచ్చినవాళ్లని చెయ్యి చూపించి లోపలికి పంపేవాడు. ఊరికే వంకలు పెట్టే రకం అనిపిస్తే ముక్కు గోక్కునేవాడు. ముక్కు గోక్కున్నాడంటే వచ్చేవాడు పేచీకోరు. పేచీకోరుకి మంచినీళ్లివ్వాలి, తలూపాలి, అయ్యో అనాలి. పని మాత్రం చెయ్యక్కర్లేదు. విసుగు పుట్టి తనే పోతాడు.

ఆ మాట చల్లమ్మకి కొత్తేమీ కాదు. ఇంట్లో ముప్పై ఏళ్లుగా ఒక పేచీకోరుతోనే కాపురం చేస్తోంది.

ఆవిడ భర్త దుకాణాలకి బోర్డులు రాసే పెయింటరు. చెయ్యి బంగారం, నోరు మాత్రం వేపాకు. కాఫీ చల్లారిందనేవాడు, వేడిచేసి తెస్తే నోరు కాలిందనేవాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తే కాలరు చూసి నిట్టూర్చేవాడు. తనకంటే ముందు ఎవరైనా పేపరు మడత విప్పారో, ఇక ఆ పేపరు ముట్టేవాడు కాదు. ఒకసారి చుట్టాలింటికి వెళ్లి, గోడమీది ఫొటో వంకరగా ఉందని లేచి సరిచేశాడు. సరిచేశాక మేకు బాగోలేదన్నాడు. వాళ్లు పాపం మేకు మార్చారు. అప్పుడు గోడ రంగు మీద పడ్డాడు. ఆ ఇంటివాళ్లు మళ్లీ పిలవలేదు.

పసివాళ్లు నిద్రపట్టక పేచీ పెడతారు. అందులో తప్పేం లేదు, భుజాన వేసుకుని నాలుగడుగులు తిప్పితే ఊరుకుంటారు. పెద్దవాళ్లయ్యాక ఆ పేచీ వెనక 'కోరు' వచ్చి అతుక్కుంటుంది. ఇక ఎవరూ భుజాన వేసుకోరు. అతనికి ఏదో అవసరమైందని కాక, పేచీయే అతనికి కావలసిందని అర్థం మారిపోతుంది.

చల్లమ్మ ఆ మాటని గొడుగులా వాడుకునేది. భర్తతో ఎక్కడికి వెళ్లినా తను రెండడుగులు ముందు నడిచి, టైలరుతోనో, పళ్ల డాక్టరుతోనో, బస్సులో పక్క సీటువాళ్లతోనో చిన్నగా నవ్వి, "ఆయన కాస్త పేచీకోరు. మీరేమీ అనుకోకండి" అనేది. దాంతో వాళ్లూ నవ్వేవారు. ఆయన ఏమన్నా ఎవరికీ కోపం వచ్చేది కాదు. చివరికి కూతురి పెళ్లిమాటలకి వచ్చినవాళ్లతో కూడా ఆవిడ ముందుగా అన్న మాట అదే.

ఆ ఏడు వానలు వెనకపట్టాక ఒక చెప్పుల దుకాణానికి పెయింటరు బోర్డు రాశాడు. రాయడం అయిపోయింది, నిచ్చెన దిగాడు, రోడ్డు దాటి అవతలివైపునుంచి చూశాడు. ఒక అక్షరం తలకట్టు మిగతావాటికంటే కాస్త సన్నంగా ఉంది.

"నాకైతే బ్రహ్మాండంగా కనిపిస్తోంది. వదిలెయ్యి గురూ" అన్నాడు దుకాణం యజమాని.

"నీకు కనిపించకపోవచ్చు. నాకు కనిపిస్తోందిగా" అని విసుక్కుంటూ మళ్లీ ఎక్కాడు.

ఆయన రోడ్డు అవతల ఉన్నప్పుడు ఎవరో మెట్లు కడగడానికి నిచ్చెన జరిపారు. తడి బండలమీద దాని కాళ్లు జారాయి. పెయింటరు బ్రష్షు వదలకుండానే కిందపడ్డాడు. ఎడమ కాలి ఎముక మోకాలికీ మడమకీ మధ్య విరిగింది.

మధ్యాహ్నానికి ఆస్పత్రిలో ఎముక సరిచేసి, తొడనుంచి పాదందాకా పిండికట్టు వేసి, మగవాళ్ల వార్డుకి పంపారు. చల్లమ్మ దుకాణంనుంచి, కూతురు తన ఆఫీసునుంచి పరుగున వచ్చారు. వచ్చేసరికి ఆయన స్ట్రెచర్ మీదనుంచే మొదలుపెట్టాడు. స్ట్రెచర్ చక్రం కీచుమంటోంది. దుప్పటి ముడతలుగా ఉంది. ఫ్యాను గాలి సరిగ్గా మొహానికే కొడుతోంది. పెద్ద నర్సు, కళ్లజోడుకి గొలుసు వేలాడదీసుకున్న నడివయసు మనిషి, కనుబొమలు ముడిచింది. అలా ముడుచుకున్న కనుబొమలు చల్లమ్మకి రోజూ కనిపించేవే. వెంటనే వెళ్లి ఆవిడ మోచెయ్యి తాకింది.

"సిస్టర్, మీరేమీ అనుకోకండి. ఆయన కాస్త పేచీకోరు. మనసు మాత్రం మంచిదే."

నర్సు కనుబొమలు విడివడ్డాయి. నవ్వింది. "మాకలవాటేనమ్మా. ప్రతి వార్డులోనూ ఒకరుంటారు."

కూతురూ నవ్వింది. ఈ పని కూడా చక్కబెట్టానని చల్లమ్మకి తృప్తిగా అనిపించింది.

సాయంత్రానికి ఆయన ఫిర్యాదుల వరస పెరిగింది. తలగడ ఎత్తు, ట్యూబులైటు కంట్లో పొడుస్తోంది, పక్క మంచం బస్సు డ్రైవరు ట్రాన్సిస్టరు పెడుతున్నాడు, టీలో మందు వాసన. ఆ వరసలో ఎక్కడో మధ్యన, "ఈ కట్టు బిగుసుకుపోతోంది. లోపల ఎవరో మెలిపెడుతున్నట్టుంది" అన్నాడు. చల్లమ్మ తలగడ సర్దింది, లైటు ఆర్పించింది, డ్రైవరుని బతిమాలుకుంది. కట్టు సంగతి నర్సుని అడిగితే, "కొత్త కట్టు కదమ్మా, రెండ్రోజులు అలాగే ఉంటుంది" అంది. చల్లమ్మ వచ్చి అదే ఆయనకి చెప్పింది.

చూడ్డానికి వచ్చినవాళ్లు వెళ్లిపోవాలని గంట కొట్టారు. ఆ వార్డులో ఆడవాళ్లని రాత్రిళ్లు ఉండనివ్వరు. ఆవిడ లేస్తుంటే ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"వెళ్లకు. ఇది మామూలుగా లేదు."

"మీకేది మామూలుగా ఉంటుంది చెప్పండి?" అని నవ్వి, ఆయన వేళ్లు విడిపించుకుని, దుప్పటి సరిచేసి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఫ్లాస్కుతో వార్డులో అడుగుపెట్టేసరికి ఆయన ఏమీ అనలేదు. ఆవిడ ముందు నిద్రపోతున్నాడనుకుంది. దగ్గరికెళితే కళ్లు తెరిచే ఉన్నాయి. మొహం బూడిదరంగులో ఉంది. దుప్పటి కొస తడిసి, నలిగి, నోటి పక్కన ముద్దలా పడి ఉంది. కట్టులోంచి బయటికి కనిపిస్తున్న కాలివేళ్లని ముట్టుకుంది. చల్లగా, పాలిపోయి, మైనం ముక్కల్లా ఉన్నాయి.

"ఏవండీ! నొప్పిగా ఉందా?"

ఆయన ఆవిడ వైపు చూసి మొహం గోడకి తిప్పుకున్నాడు.

భుజానికి పట్టీ కట్టుకున్న బస్సు డ్రైవరు లేచి కూర్చున్నాడు. "రాత్రంతా పిలుస్తూనే ఉన్నాడు చెల్లెమ్మా. మొదట అరిచాడు. తర్వాత బతిమాలాడు. రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న సిస్టర్ వచ్చి ఒక మాత్ర ఇచ్చి వెళ్లింది. మళ్లీ పిలిస్తే, 'తెలుసు లెండి, మీ సంగతి మీ ఆవిడే చెప్పిందట' అని నవ్వింది. అంతే, ఇక పిలవలేదు. ఆ దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు."

చల్లమ్మ చేతిలోని ఫ్లాస్కు ఎక్కడ పెట్టిందో ఆవిడకే తెలియదు. అప్పుడే డ్యూటీకి వచ్చి బల్ల దగ్గర కూర్చున్న పెద్ద నర్సు దగ్గరికి వెళ్లింది.

"సిస్టర్, ఆయన వేళ్లు ఐసులా ఉన్నాయి. డాక్టర్ని పిలవండి."

"రౌండ్సుకి వస్తారుగా అమ్మా, చూస్తారు."

"ఎప్పుడొస్తారు?"

"ఓపీ అయ్యాక. కట్టు వేసినవాళ్లందరికీ కాస్త చల్లగానే ఉంటాయి. కంగారుపడకండి."

"రాత్రంతా పిలిచారట సిస్టర్!"

"అయ్యో, అలాగా!" అంది నర్సు తలూపుతూ. "ఏం చేస్తాం చెప్పండి. మీరే చెప్పారుగా నిన్న, మనిషి కాస్త..." వాక్యం పూర్తిచెయ్యకుండా మర్యాదగా నవ్వి, బల్లమీది కూజాలోంచి గ్లాసులో మంచినీళ్లు పోసి ఆవిడ ముందుకి జరిపింది. "కూర్చోండి. ముందు మంచినీళ్లు తాగండి."

చల్లమ్మ ఆ గ్లాసు వైపు చూసింది. అయ్యో అనడం అయింది. తలూపడం అయింది. నీళ్లూ వచ్చాయి. ఇక మిగిలింది తను విసుగుపుట్టి వెళ్లిపోవడమే.

ఆవిడ ఆ గ్లాసు తీసి గోడకేసి కొట్టింది.

"నీళ్లు కాదు నాకు కావలసింది!" ఆ గొంతు తనదేనని ఆవిడకే నమ్మకం కలగలేదు. వార్డు వార్డంతా తలలెత్తింది. "డాక్టర్ని తీసుకురండి! ఇప్పుడే తీసుకురండి! నాకు తలూపారంటే ఊరుకోను! ఈ తలూపుడు నాకు తెలుసు!"

"అమ్మా, ఇది ఆస్పత్రి. గట్టిగా అరవకండి." నర్సు లేచి నిలబడింది. పక్కనున్న ఆయాతో, "ఇద్దరూ ఒకలాగే ఉన్నారే" అని గొణిగింది. గొణిగినా వినబడింది.

చల్లమ్మ ఇక ఆవిడతో మాట్లాడలేదు. గాజుముక్కల మీదుగానే బయటికి నడిచింది. వరండాలో వరసగా కూర్చున్న రోగుల్ని తప్పించుకుంటూ డాక్టరు గదికి వెళ్లి తెర లాగేసింది. డాక్టరు ఎవరిదో ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూస్తున్నాడు.

"బయట కూర్చోండమ్మా, పిలుస్తారు."

"కూర్చోను." వెళ్లి కోటు చెయ్యి పట్టుకుంది. "మీరు రాకపోతే మిమ్మల్ని ఈడ్చుకెళతాను. మా ఆయన కాలు చచ్చిపోతోంది."

అవతల కూర్చున్న రోగి, ముసలావిడ, "వెళ్లు నాయనా, నాకేం తొందర్లేదు" అంది. ఆవిడ ఆ మాట అనకపోతే డాక్టరు లేచేవాడో కాదో.

మంచం దగ్గరికి వచ్చి డాక్టరు ఏమీ అడగలేదు. కాలి బొటనవేలు పట్టుకుని నెమ్మదిగా పైకి వంచాడంతే. పెయింటరు గొంతులోంచి వచ్చిన కేకకి వార్డు బయట నడుస్తున్నవాళ్లు ఆగిపోయారు. డాక్టరు మొహంలో రంగు మారింది.

"ఎప్పట్నించి ఇలా?"

"నిన్న సాయంత్రంనుంచి చెబుతున్నాడండీ" అన్నాడు బస్సు డ్రైవరు.

"నన్నెందుకు పిలవలేదు?" డాక్టరు నర్సు వైపు తిరిగాడు. నర్సు చల్లమ్మ వైపు చూసింది. 

అక్కడికక్కడే రంపం తెప్పించి కట్టు కోశారు. లోపల కాలు ఉబ్బి, తోలు మెరుస్తూ, పగలడానికి సిద్ధంగా ఉన్నట్టుంది. కట్టు లోపల వాపు పెరిగిపోయి కండకి రక్తం అందలేదనీ, కాలికి రెండు పక్కలా కోసి ఒత్తిడి తగ్గించాలనీ చెప్పి డాక్టరు తనే స్ట్రెచర్ తోసుకుంటూ ఆపరేషన్ గదికి తీసుకుపోయాడు. స్ట్రెచర్ చక్రం నిన్నటిలాగే కీచుమంది. పెయింటరు ఏమీ అనలేదు.

కాలు దక్కింది. కానీ పాదం పూర్తిగా దక్కలేదు. పుండ్లు మాని, తొడమీది చర్మం తీసి అతికించి ఇంటికి పంపేసరికి పాదం ముందుభాగం పైకి లేవడం మానేసింది. నడిస్తే వేళ్లు నేలని రాసుకుంటూ వస్తాయి. ఒక ప్లాస్టిక్ పట్టీ ఇచ్చి, చెప్పుల్లో పెట్టుకుని నడవమన్నారు. ఇక నిచ్చెన సంగతి మరిచిపొమ్మన్నారు.

చల్లమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని ఆస్పత్రి సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లింది. ఆయన పెద్ద నర్సుని, చిన్న నర్సుని పిలిపించాడు. చిన్న నర్సు ఏడుస్తూ నిలబడింది. పెద్ద నర్సు మాత్రం తొణక్కుండా, "పేషెంటు భార్యే స్వయంగా చెప్పింది సార్, మనిషి పేచీకోరని. అడగండి కావాలంటే" అంది.

"చెప్పారా అమ్మా?" అన్నాడు సూపరింటెండెంటు.

"చెప్పాను" అంది చల్లమ్మ.  "నేనే చెప్పాను. నేను చెప్పింది మనిషి సంగతి. కాలు సంగతి కాదు. కాలు కూడా పేచీ పెడుతుందా? వేళ్లు ముట్టుకుని చూడ్డానికి మీకేమడ్డొచ్చింది?"

"విచారణ జరుపుతాం. కబురు చేస్తాం. మీరు వెళ్లండి."

గేటు బయటికి వచ్చాక కూతురు అంది: "నువ్వలా అనకుండా ఉండాల్సిందమ్మా."

"నువ్వూ నవ్వావుగా."

"నేను నవ్వాను. అన్నది నువ్వు."

చల్లమ్మకి కూతుర్ని అక్కడే చెంప పగలగొట్టాలనిపించింది. అది నిజం కావడంవల్లే అంత కోపం వచ్చింది. ఇద్దరూ బస్సులో చెరో సీట్లో కూర్చుని ఇంటికి వచ్చారు.

ఇంట్లో పెయింటరు ఏ వంకా పెట్టడం లేదు. ఎలాంటి కాఫీ ఇచ్చినా తాగుతున్నాడు. ఒకరోజు పంచదార వెయ్యడం మరిచిపోతే అదీ తాగేశాడు. కూర మాడితే మాడిందే తిన్నాడు. పుండుమీద గుడ్డ మార్చేటప్పుడు నొప్పెడుతోందా అంటే లేదనేవాడు. వేళ్లు మాత్రం మంచం పట్టెని పట్టుకుని తెల్లబడేవి. ముప్పై ఏళ్లుగా ఈ మనిషి నోరు కాసేపు మూసుకుంటే చాలని చల్లమ్మ ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. ఇప్పుడు ఆ మూసుకున్న నోరు చూస్తుంటే ఒళ్లు మండుకొస్తోంది. ఇది ఓర్పు కాదు. తనకి వేస్తున్న శిక్ష.

సెలవు అయిపోయి పనిలోకి వెళ్లిన మొదటి వారంలోనే దుకాణంలోనూ నిప్పంటుకుంది. బట్టతల మనిషొకడు మిక్సీ చంకలో పెట్టుకుని గుమ్మంలో కనిపించాడు. సూపర్‌వైజరు ముక్కు గోక్కున్నాడు.

చల్లమ్మ కౌంటరు వెనకనుంచి లేచి, దుకాణం మధ్యకి నడిచి వచ్చి, కొనడానికి వచ్చినవాళ్లందరి ముందూ అడిగింది. "ముక్కుకేమైంది నీకు?"

"ఏంటక్కా?" సూపర్‌వైజరు బిత్తరపోయాడు.

"దురదా? మందు రాయనా? అతని మిక్సీ మూత తీసి చూశావా? తీగ చూశావా? అతని మొహం చూసి ముక్కు గోక్కున్నావు!"

"అక్కా, మెల్లిగా... ఈయన నెలనెలా ఏదో ఒకటి తెస్తాడక్కా. నీకు తెలుసుగా!"

"తెస్తే నెలనెలా చూడు! నూరుసార్లు తెస్తే నూరుసార్లు చూడు! వస్తువుని చూసి చెప్పు. మనిషిని చూసి చెప్పకు!"

ఆ వేడిమీదే బట్టతల మనిషికి కొత్త మిక్సీ ఇప్పించి పంపేసింది. పాతది విప్పితే లోపల చెంచా ముక్కలు దొరికాయి. అతనే చెంచా వేసి తిప్పాడన్నమాట. పై వారం అదే మనిషి ఇస్త్రీ పెట్టెతో వచ్చాడు. సూపర్‌వైజరు చల్లమ్మ వైపు చూసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ బట్టతల మనిషిని చూసి పళ్లు కొరుక్కుంటూ, ఆ ఇస్త్రీ పెట్టెని మరమ్మతు బల్లమీద పెట్టించి, విప్పించి, ఏ లోపమూ లేదని అతని మొహంమీదే చెప్పింది. వాడు దుకాణం కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. ఆవిడ అంతకంటే గట్టిగా అరిచింది. దుకాణంలో ఆవిణ్ణి చల్లమ్మ అనడం ఆ వారంనుంచే తగ్గింది.

మిక్సీ గొడవ జరిగిన సాయంత్రం ఆ మంట చల్లారకుండానే ఇంటికి వచ్చింది. పెయింటరు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. పొద్దున తను పెట్టి వెళ్లిన కాఫీ, పైన మీగడ కట్టినది, అప్పుడు తాగుతున్నాడు.

ఆవిడ ఆ కప్పు ఆయన చేతిలోంచి లాక్కుంది. "ఇది పొద్దుటిది! విరిగిపోయి ఉంటుంది! ఎందుకు తాగుతున్నారు?"

"ఉంది కదా అని."

"పారబొయ్యొచ్చుగా! తిట్టొచ్చుగా! తిట్టండి నన్ను! ఎందుకిలా చంపుతున్నారు?"

ఆయన కిటికీనుంచి ఆవిడ వైపు తిరిగాడు. మెల్లిగా, ఒక్కొక్క మాటా కొలిచి అన్నాడు. "పేచీ 'కోరు' అంటారు. కోరేవాడు. ఆ రాత్రి నేనేం కోరాను? వచ్చి ఒకసారి కాలు చూడమన్నాను. అది కోరడమేనా?"



"నేను పడరాని మనిషినే" అన్నాడు. గొంతు పెరుగుతోంది. "నాతో వేగడం కష్టమే. నాకు తెలీదనుకున్నావా? ఆ మాట నాతో అనుండాల్సింది. మొహంమీద అనుండాల్సింది. నాతో ఒక్కసారి కూడా అనలేదు నువ్వు. నేను గుమ్మంలోకి అడుగుపెట్టేలోగా ఊరందరితో అన్నావు! నేను నోరు తెరిచేలోగా నా మాటకి విలువ లేకుండా చేశావు. ముప్పై ఏళ్లు! ఎక్కడికెళ్లినా అందరూ నా వైపు చూసి నవ్వుతుంటే, నేనేదో బాగా మాట్లాడుతున్నాననుకునేవాణ్ణి!"

ఈ చివరిమాట ఆవిడ ఎన్నడూ ఊహించనిది. పొడిచినట్టయింది. పొడిస్తే ఊరుకునే స్థితిలో ఆవిడా లేదు.

"మరేం చెయ్యమంటారు? మీరు విసిరిన ప్రతి మాటా నేను వెనకాల ఏరుకుంటూ వచ్చాను! నేనలా అనకపోతే మనల్ని ఒక్క గుమ్మం తొక్కనిచ్చేవారా? మీ కూతురి పెళ్లయ్యేదా? మీతో అంటే మీరు వినేవారా? అన్నం పళ్లెం విసిరేసేవారు!"

"విసిరేసేవాణ్ణి."

"ఆఁ, అదీ!"

"విసిరేసేవాణ్ణి. కానీ పాదం మిగిలేది."

ఆవిడ కప్పు పట్టుకుని వంటగదిలోకి వెళ్లింది. కాఫీ పారబోసి, ఖాళీ కప్పుని అదే పనిగా తోముతూ నిలబడింది. ఏడుపు రాలేదు. ఆయనమీద కోపం, నర్సులమీద కోపం, నవ్విన కూతురిమీద కోపం, అన్నిటికంటే తన నాలుకమీద కోపం, ఏది ముందో తేలలేదు. క్షమించమని ఆవిడ అడగలేదు. క్షమించానని ఆయనా అనలేదు. కానీ ఆ రోజునుంచి ఇంట్లో మాటలు మొదలయ్యాయి. ఎక్కువగా పోట్లాటలే. పక్కవాటా వాళ్లు గోడ కొట్టేంత పోట్లాటలు.

విచారణకి రమ్మని కబురొచ్చింది. ఈసారి పెయింటరు తనూ వస్తానన్నాడు. కర్ర పట్టుకుని, పాదం ఈడ్చుకుంటూ సూపరింటెండెంటు గదిలోకి నడిచి కుర్చీలో కూర్చున్నాడు. బస్సు డ్రైవరు వచ్చి తను విన్నదంతా చెప్పి డ్యూటీకి వెళ్లిపోయాడు.  పెద్ద నర్సు ఈసారి ఎవరూ అడక్కుండానే అంది.

"అందరూ నొప్పి అనే అంటారు సార్. వార్డంతా అదే మాట. అందరి దగ్గరికీ పరిగెత్తాలంటే నాకున్నవి రెండు కాళ్లే. ఎవరి మాట పట్టించుకోనక్కర్లేదో ఎవరైనా చెబితే ప్రాణం లేచొస్తుంది. ఆ మాటనే పట్టుకుంటాం." చల్లమ్మ వైపు తిరిగింది. "నిజంగా మీరు చెప్పినందుకు ఆ రోజు సంతోషించానమ్మా."

చల్లమ్మకి ఆ మాట అర్థమైంది. కౌంటరు వెనక కూర్చున్నవాళ్లకి తప్ప ఇంకెవరికీ అంత బాగా అర్థం కాదు. అర్థమైనందుకు ఆవిడకి ఇంకా మండింది. అర్థం చేసుకుని ఇంటికి వెళ్లిపోతే ఆ పాదం లేస్తుందా?

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. "జరిగింది విచారకరం. సిబ్బందిని మందలించాం. ఇకముందు జాగ్రత్తగా ఉంటారు. మీరు వెళ్లి రండి."

"ఎలా ఉంటారు జాగ్రత్తగా?" అన్నాడు పెయింటరు.

"అదే... జాగ్రత్తగా."

"అదే అడుగుతున్నాను. ఎలా? కట్టు బిగుసుకుందని ఎవరైనా అంటే ఎవరొచ్చి చూడాలి? ఎంతసేపట్లో చూడాలి? రాసి గోడకి పెట్టండి. వార్డులో, మంచంమీదనుంచి కనిపించేచోట. అది రాసేదాకా నేను లేవను."

"అవన్నీ పద్ధతి ప్రకారం జరగాలండీ. పైకి రాయాలి..."

"రాయండి. కూర్చుంటాను."

సూపరింటెండెంటు నిట్టూర్చాడు. గోడ గడియారం చూశాడు. తర్వాత, అందరు అధికారులూ, అందరు బంధువులూ, అందరు దుకాణదారులూ ఇన్నేళ్లుగా చూసినట్టే, భర్త తలమీదుగా భార్య వైపు చూసి చిన్నగా నవ్వాడు.

"మీరైనా చెప్పండమ్మా."

గోడవారన ఇంకో కుర్చీ ఉంది. చల్లమ్మ దాన్ని నేలమీద కిర్రుమని ఈడ్చుకుంటూ తెచ్చి, భర్త పక్కన వేసి కూర్చుంది. చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది.

"ఆయన చెప్పారుగా" అంది.

సూపరింటెండెంటు భోజనానికి వెళ్లొచ్చాడు. వాళ్లు అక్కడే ఉన్నారు. గుమాస్తా ఫ్యాను కట్టేశాడు. ఉన్నారు. తలుపు దగ్గర జనం పోగై తొంగిచూడటం మొదలుపెట్టాక, ఎండ వాలే వేళకి, సూపరింటెండెంటు డాక్టర్ని పిలిపించి, ఇద్దరూ కలిసి నాలుగు వాక్యాలు రాసి సంతకం చేశారు. పెయింటరు ఆ కాగితం తీసుకుని చదివాడు. రెండో వాక్యం అర్థంకావడం లేదని వెనక్కిచ్చాడు.

"తిరగరాయండి" అంది చల్లమ్మ.